మిగిలిన జాగా

2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. 1957లో బ్యారేజీ కట్టినప్పటి నుంచి అంత నీరు ఎన్నడూ రాలేదు. డెబ్బై గేట్లూ ఎత్తేశారు. కృష్ణకు అవతల విజయవాడ, ఇవతల సీతానగరం, తాడేపల్లి, ఉండవల్లి. ఏటికి అరమైలు దూరంలో ఉన్నవాళ్లు కూడా ఏరెలా ఉందో టీవీలోనే చూసుకున్నారు.

అలాంటి లైవ్ ప్రసారాల్లో ఒక వింత ఉంటుంది. స్టూడియోలో యాంకర్ ముఖం తేటగా, కనురెప్పలతో సహా కనిపిస్తుంది. దృశ్యం బ్యారేజీకి మారగానే గేట్ల కింద నురగ కాస్తా చిన్న చిన్న గళ్లుగా విరిగిపోతుంది. గళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ, ఉన్నచోటే ఆగిపోతూ, మళ్లీ కదులుతూ ఉంటాయి. మళ్లీ యాంకర్ వచ్చేసరికి అంతా మామూలే. ఇంట్లో వాళ్లు కేబుల్ వాళ్లను తిడతారు, లేదా సెట్‌టాప్ బాక్స్ ఆపి మళ్లీ వేస్తారు. సిగ్నల్‌కు వచ్చిన లోటేమీ లేదు. అదే సిగ్నల్, అదే తీగ, అదే టీవీ. ముఖానికి సరిపోయిన బిట్లు నురగకు చాలలేదు, అంతే. ఎందుకు చాలలేదు, ఇంకాస్త ఎక్కువ ఇచ్చే వీలుండి కూడా ఎందుకివ్వలేదు అన్నదే ఈ అధ్యాయం.

బొమ్మను కుదించడం డిజిటల్‌తో మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు, టీవీతోనే పుట్టింది. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. అప్పుడు మన దేశం పాటించిన పద్ధతిలో బొమ్మకు 625 గీతలు. అందులో తెర మీద కనిపించేవి 576, మిగతావి సర్దుబాట్లకు పోతాయి. సెకనుకు 25 బొమ్మలు. 25 సార్లు మాత్రమే వెలిగి ఆరితే తెర మినుకుమినుకుమంటుంది. 50 సార్లు మొత్తం బొమ్మ పంపితే తరంగాల్లో రెట్టింపు జాగా కావాలి. అందుకని ఒక బొమ్మను రెండుగా చీల్చి, ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు పంపారు. కంటికి 50 వెలుగులు, ఖర్చు 25కే. 1930లలో గాజు గొట్టాల టీవీల కోసం కనిపెట్టిన ఈ కిటుకు మన హెచ్‌డీ ఛానళ్లలో ఇప్పటికీ బతికే ఉంది. 1080 పక్కన కనిపించే ‘ఐ’ అక్షరం అదే. పల్చటి తెరల్లో గీతలు గీసే గొట్టం లేదు కాబట్టి, ఆ సగాలను టీవీ లోపలి చిప్పు మళ్లీ కుట్టాల్సి వస్తుంది. కబడ్డీలో కాలు విసిరినప్పుడు అంచు దువ్వెన పళ్లలా చీలితే ఆ కుట్టు సరిగా పడలేదన్నమాట.

రెండో కుదింపు రంగు. ఢిల్లీ ఏషియాడ్ కోసం 1982 ఆగస్టు 15న మన దేశంలో రంగుల ప్రసారం మొదలైంది. నలుపు తెలుపు సెట్లు పనికిరాకుండా పోకూడదు, ఛానల్‌కు ఇచ్చిన 7 మెగాహెర్ట్జ్ వెడల్పు దాటకూడదు. ఈ రెండు షరతుల మధ్య రంగును ఇరికించాలి. కంటికి వెలుగునీడల అంచులు తెలిసినంత సూక్ష్మంగా రంగుల అంచులు తెలియవు. దాన్ని ఆసరాగా తీసుకుని రంగుకు నాలుగో వంతు సూక్ష్మతే ఇచ్చారు. జర్మనీలో టెలిఫుంకెన్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ బ్రూఖ్ 1960లలో రూపొందించిన ‘పాల్’ పద్ధతిలో దీనికి తోడు ఇంకో ఏర్పాటుంది. ఒక గీతలో రంగు సంకేతాన్ని నేరుగా, తర్వాతి గీతలో తిరగేసి పంపుతారు. దారిలో వచ్చిన తప్పు రెండు గీతల్లో ఎదురుబొదురుగా నిలిచి రద్దవుతుంది. దీన్నే మనం తీసుకున్నాం. అమెరికా పద్ధతిలో ఈ ఏర్పాటు లేక ముఖాలు ఒక్కోసారి పచ్చగా తిరిగేవి.

ఆ రోజుల్లో మిద్దె మీద యాంటెన్నా తిప్పినవాళ్లకు ఒక సంగతి గుర్తుంటుంది. ఒకడు పైన ఉంటాడు, ఇంకొకడు కిటికీలోంచి “వచ్చింది... పోయింది... ఆగు, అక్కడే ఉంచు” అని అరుస్తుంటాడు. బొమ్మ వచ్చాక కూడా దాని కుడిపక్కన పల్చగా ఇంకో బొమ్మ ఉండేది. ట్రాన్స్‌మిటర్ నుంచి నేరుగా వచ్చిన తరంగం ఒకటి, ఉండవల్లి కొండకో మంగళగిరి కొండకో తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం ఒకటి. ఈ నీడ బొమ్మతో చిన్న లెక్క చేయొచ్చు. తరంగం మైక్రోసెకనులో 300 మీటర్లు పోతుంది. ఒక గీతలో కనిపించే భాగం గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. 40 సెంటీమీటర్ల వెడల్పు తెర మీద నీడ ఒకటిన్నర సెంటీమీటరు జరిగి కనిపిస్తే ఆలస్యం రెండు మైక్రోసెకన్లు. అంటే ఆ తరంగం 600 మీటర్లు చుట్టు తిరిగి వచ్చిందన్నమాట. తిట్టుకుంటూ చూసిన ఆ నీడ, నిజానికి చుట్టుపక్కల కొండల దూరాన్ని కొలిచి చూపించే కొలబద్ద.

అనలాగ్ బొమ్మ పాడయ్యేటప్పుడు చెప్పి పాడయ్యేది. ముందు చుక్కలు, తర్వాత మరిన్ని చుక్కలు, ఆ తర్వాత గొంతు మాత్రమే. 1990లలో కేబుల్ వచ్చాక కూడా అంతే. తీగ పొడవునా స్తంభాల మీద యాంప్లిఫయర్లు పెట్టేవాళ్లు. ప్రతి యాంప్లిఫయరూ సిగ్నల్‌తో పాటు చుక్కల్నీ పెంచేది. వీధి మొదట్లో ఉన్న ఇంటికి ఒక బొమ్మ, చివర ఉన్న ఇంటికి ఇంకో బొమ్మ. నెలకు కట్టే డబ్బు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఒక్కో ఛానల్ 7, 8 మెగాహెర్ట్జ్ ఆక్రమించేది కాబట్టి, 1995లో జెమినీ, ఈటీవీ మొదలై ఛానళ్లు వరసగా పుట్టుకొచ్చేసరికి తీగలో జాగా చాల్లేదు. కొత్తది వేయాలంటే పాతది తీసేయాలి. ఏ ఛానల్ తీశారన్నది వీధిలో తగువుల విషయం.

ఇక డిజిటల్. 720 అడ్డం, 576 నిలువు చుక్కల మామూలు బొమ్మను ఏ కుదింపూ లేకుండా అంకెలుగా మారిస్తే సెకనుకు సుమారు 166 మెగాబిట్లు. అదే ఛానల్ ఇప్పుడు మీ ఇంటికి దాదాపు 3 మెగాబిట్లలో వస్తోంది. యాభై వంతుల్లో ఒక వంతే మిగిల్చి, చూసేవాడికి పెద్దగా తేడా తెలియకుండా చేయడం ఇంజనీర్లు చేసిన గొప్ప పనుల్లో ఒకటి. అందులో మనవాళ్ల చేయి ఉంది.

బెంగళూరులో పుట్టి అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న నాసిర్ అహ్మద్‌కు 1972లో ఒక ఆలోచన వచ్చింది. పరిశోధనకు డబ్బు ఇమ్మని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే ఇవ్వలేదు. ఆలోచన మరీ సులువుగా ఉందని ఒక సమీక్షకుడు రాశాడట. ఆయన ఊరుకోలేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌నూ, టెక్సాస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్‌లో ఉన్న మిత్రుడు కె. ఆర్. రావునూ కలుపుకుని పని చేశారు. 1974 జనవరిలో ముగ్గురి పేర్లతో చిన్న వ్యాసం అచ్చయింది. దాని పేరు ‘డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్’. ఫోన్‌లో తీసే జేపెగ్ ఫొటో, డీవీడీ, కేబుల్, డీటీహెచ్ అన్నీ దాని మీదే నిలబడ్డాయి. కె. ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు, మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో 1952లో చదువు పూర్తి చేసినవారు. 2021 జనవరిలో పోయారు. సినిమా నటుల పేర్లు మనవళ్లతో సహా చెప్పే మన టీవీలు ఆ పేరు ఎన్నిసార్లు పలికాయో మీకే తెలియాలి.

ఆ ఆలోచన ఇది. బొమ్మను అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గళ్లుగా కోస్తారు. ఒక్కో గడిలో 64 చుక్కలు, 64 అంకెలు. ఈ గణితం వాటిని వేరే 64 అంకెలుగా మారుస్తుంది. మొదటిది గడి మొత్తం సగటు వెలుగు. తర్వాతివి అందులో మెల్లగా మారే మార్పులు. చివరివి చుక్క చుక్కకూ మారే అతి సూక్ష్మమైన మార్పులు. నుదురు, గోడ, చీర, ఆకాశం లాంటి చోట చివరి అంకెలు దాదాపు సున్నాలే. సున్నాలను పంపక్కర్లేదు. సున్నాకు దగ్గరగా ఉన్నవాటిని కూడా సున్నా అనేసుకుంటే ఇంకా ఆదా. ఎంత దగ్గరివరకు అలా అనుకోవాలన్నది ప్రసారం చేసేవాడి చేతిలో ఉంటుంది. నాణ్యత పెంచే, తగ్గించే మర ఉన్నది అక్కడ.

రెండో ఆదా కదలికలో. ఈ బొమ్మకూ గత బొమ్మకూ సెకనులో 25వ వంతే తేడా. యాంకర్ వెనక గోడ కదల్లేదు, తల కాస్త పక్కకు జరిగింది. అప్పుడు “ఆ గడిని రెండు చుక్కలు ఎడమకు జరిపి వాడుకో” అని చెబితే చాలు, గడిని మళ్లీ పంపనక్కర్లేదు. నురగ దగ్గర ఈ రెండు ఆదాలూ ఒకేసారి విఫలమవుతాయి. నురగలో ప్రతి గడీ సూక్ష్మమైన మార్పులతో నిండి ఉంటుంది. ఏ గడీ పాత బొమ్మలోని ఏ గడికీ పోలిక కాదు, దేన్ని జరిపి వాడుకుంటాం? బిట్లు లేక, సూక్ష్మమైన అంకెలన్నీ పారేసి సగటు వెలుగు ఒక్కటే పంపితే గడి అంతా ఒకే రంగులో నిలబడుతుంది. మనం చూసిన గళ్లు అవే. పైగా వరద లైవ్ ఒడ్డు నుంచి రిపోర్టర్ భుజాన వేసుకున్న సంచిలోని మొబైల్ సిమ్‌ల మీదుగా వస్తుంది. స్టూడియోకు చేరేలోపే ఒకసారి నలిగింది ఇంటికి చేరేలోపు ఇంకోసారి నలుగుతుంది.

తెర కింద పరుగెత్తే తెలుగు స్క్రోలింగ్‌ను ఒకసారి దగ్గరికి వెళ్లి చూడండి. అక్షరం అంచు ఒక్కసారిగా తెలుపు నుంచి ఎరుపుకు మారుతుంది. అలాంటి అంచు నిలవాలంటే సూక్ష్మమైన అంకెలు కావాలి. అవి పోతే అక్షరం చుట్టూ సన్నటి అలలు కనిపిస్తాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు దీన్ని తట్టుకుంటాయి. మన అక్షరాల కింద ఒత్తులుంటాయి. ‘క్ష్మి’ లాంటి గుత్తిలో అడుగునున్న ఒత్తు తెర మీద నాలుగైదు గీతలకు మించదు. మామూలు ఛానల్లో అది మచ్చగా మారుతుంది, హెచ్‌డీలో విడిగా తెలుస్తుంది. రెండు రకాల ఛానళ్ల మధ్య తేడా పట్టుకోవడానికి తెలుగువాళ్లకు ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

ఇప్పుడు ప్రమాణాల సంగతి. 1990ల మధ్యలో ఎంపెగ్-2 వచ్చింది. 2003లో వచ్చిన హెచ్.264, మనం ఎంపెగ్-4 అనేది, అదే బొమ్మను దాదాపు సగం బిట్లలో పంపగలదు. 2013లో వచ్చిన హెచ్.265 దాన్ని మళ్లీ సగం చేసింది. 2020లో హెచ్.266 ఇంకో మెట్టు. ఇవి బొమ్మను కుదించే పద్ధతులు. కుదించినదాన్ని తరంగాల్లో మోసే పద్ధతులు వేరే ఉన్నాయి. ఉపగ్రహానికి డీవీబీ-ఎస్, తర్వాత ఎస్2, కేబుల్‌కు డీవీబీ-సీ, నేల మీది టవర్లకు డీవీబీ-టీ, తర్వాత టీ2. అనలాగ్‌లో ఒక్క ఛానల్ పట్టిన 8 మెగాహెర్ట్జ్ కేబుల్ జాగాలో డీవీబీ-సీ 38 మెగాబిట్లు మోస్తుంది, కాస్త నాణ్యమైన తీగ ఉంటే 50. ఒక్క ఛానల్ పోయి పది, పన్నెండు వచ్చి కూర్చున్నాయి. ఎంపెగ్-4 అయితే ఇరవై దాటాయి.

జనం సరిగా పట్టించుకోనిది ఇదే. కొత్త ప్రమాణం వచ్చినంత మాత్రాన బొమ్మ బాగుపడదు. అది జాగా మిగులుస్తుంది. ఆ జాగాను బొమ్మకు ఇవ్వాలా, ఇంకో ఛానల్‌కు ఇవ్వాలా అన్నది గణితం తేల్చదు, జాగా చేతిలో ఉన్నవాడు తేలుస్తాడు. మన దగ్గర అది ఎక్కువగా ఇంకో ఛానల్‌కే పోయింది.

అమెరికాలో వేరేలా జరిగింది. 1996 చట్టం కింద అక్కడ ఉన్న ఒక్కో టీవీ స్టేషన్‌కు డిజిటల్ కోసం 6 మెగాహెర్ట్జ్ ఛానల్ ఒకటి విడిగా ఇచ్చారు. అందులో 19 మెగాబిట్ల పైచిలుకు పడతాయి. అంత జాగా ఒక్కరికే ఉంటే హెచ్‌డీ పంపడానికి ఇబ్బంది ఏముంటుంది? 2009 జూన్ 12న పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు ఆపేశారు. న్యూజెర్సీలో ఉన్న తాడేపల్లి కుర్రాడు కిటికీకి చిన్న యాంటెన్నా అంటించి స్థానిక ఛానళ్లను పైసా కట్టకుండా హెచ్‌డీలో చూడగలడు. కాలం గడిచేకొద్దీ అక్కడి స్టేషన్లు కూడా ఆ 19లో నాలుగైదు చిన్న ఛానళ్లను ఇరికించడం మొదలుపెట్టాయి, అది వేరే సంగతి. జాగా కనిపిస్తే నింపాలనిపించడం ఏ ఒక్క దేశపు గుణమూ కాదు.

మన కేబుల్ డిజిటల్ కావడానికి 2011లో చట్టం మార్చారు. నాలుగు దశలు పెట్టారు. మహానగరాలు మొదట, 2013 మార్చిలో పది లక్షల జనాభా దాటిన నగరాలు, మన వైపు హైదరాబాదు, విశాఖపట్నం, తర్వాత మిగతా పట్టణాలు, చివరికి పల్లెలు. అప్పటికి మున్సిపాలిటీ అయిన తాడేపల్లి మూడో దశలోది, చుట్టుపక్కల ఊళ్లు నాలుగో దశలోవి. వాయిదాలు పడి, కోర్టు స్టేలు దాటి, పట్టణాలకు 2017 జనవరి 31, పల్లెలకు 2017 మార్చి 31 గడువులుగా నిలిచాయి. చుక్కలు పోయాయి, నీడ బొమ్మలు పోయాయి, వీధి చివరి ఇంటికీ మొదటి ఇంటికీ ఒకే బొమ్మ వచ్చింది. ఇది నిజమైన మేలు, కాదనకూడదు. దాంతో పాటు రెండొందలు, మూడొందల ఛానళ్లూ వచ్చాయి.

ఒకే 8 మెగాహెర్ట్జ్ జాగాలో గుత్తిగా ఉన్న పన్నెండు ఛానళ్లకు 38 మెగాబిట్లను సమానంగా పంచరు. కాలవ నీళ్లలాగే అవసరాన్ని బట్టి వంతులు మారుతుంటాయి. యాంకర్ ముఖం వస్తున్న ఛానల్‌కు తక్కువ, ఆ క్షణంలో ఐపీఎల్ నడుస్తున్న ఛానల్‌కు ఎక్కువ. గుత్తిలో ఆరుంటే ఇది చక్కగా కుదురుతుంది. పదహారుంటే, వరద రోజున అన్ని న్యూస్ ఛానళ్లూ ఒకేసారి నురగ చూపిస్తే, ఎవరి వంతూ చాలదు.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలు చేసిన విధానం ఈ జాగాకు అద్దె కట్టింది. నెలకు 130 రూపాయలకు వంద మామూలు ఛానళ్ల చోటు. ఒక హెచ్‌డీ ఛానల్ రెండు మామూలు ఛానళ్లతో సమానం అని లెక్క. తర్వాత వందను రెండొందలు చేశారు, ఆ పైన ఆ అద్దెకు పరిమితే ఎత్తేశారు. చుక్కల లెక్కన హెచ్‌డీ మామూలు బొమ్మకు సరిగ్గా ఐదు రెట్లు. ఆ ఐదు రెట్లనూ రెండు రెట్ల చోటుకే లెక్కగట్టారు. జనం వైపు నుంచి చూస్తే మంచి బేరమే, ఆపరేటర్‌కు మాత్రం హెచ్‌డీ పెట్టాలన్న ఆశ పుట్టించే బేరం కాదు. నెలనెలా కట్టే పని లేని డీడీ ఫ్రీ డిష్‌లోనైతే జాగా విలువ ఇంకా తేటగా తెలుస్తుంది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఆ సర్వీసులో చోట్లను ప్రసార భారతి వేలం వేస్తుంది, ప్రైవేటు ఛానళ్లు ఒక్కో చోటుకు కోట్లు పాడుతున్నాయి. అంత ధర పలికే చోటును నాణ్యత కోసం ఖాళీగా ఎవరు ఉంచుతారు?

గీతల సంఖ్య ఒక్కటే నాణ్యత అనుకుంటే మన ప్రాంతం సరుకే ఆ మాట ఒప్పుకోదు. గుంటూరు మిర్చి యార్డును టీవీలో చూపించినప్పుడు గమనించండి. టిక్కీల పక్కన ఆరబోసిన కాయల రాశి, దగ్గర నుంచి చూస్తే ఒక్కో కాయా విడిగా, ముడతలతో, తొడిమలతో ఉంటుంది. తెర మీద అది ఎర్రటి ముద్ద. రంగుకు నాలుగో వంతు సూక్ష్మతే ఇచ్చారని పైన చెప్పుకున్నాం. డిజిటల్‌లోనూ అదే కొనసాగింది, నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు. తెల్ల గోడ మీద నల్ల అక్షరానికి ఇది నష్టం కాదు, వెలుగు అంకెలే అంచును మోస్తాయి. ఎరుపు మీద ఎరుపుకు అలా కుదరదు. హెచ్‌డీ ప్రమాణంలో వెలుగు లెక్కలో ఆకుపచ్చకు 71 శాతం వాటా, ఎరుపుకు 21 శాతమే. మిరప రాశిలో తేడాలన్నీ ఎరుపులోనే ఉన్నాయి, ఆ ఎరుపుకేమో వెలుగులో వాటా తక్కువ, రంగులో సూక్ష్మత తక్కువ. దానికి తోడు, 1990లో హెచ్‌డీకి నిర్ణయించిన రంగుల హద్దుకు కొన్ని గాఢమైన ఎరుపులు బయటే ఉండిపోయాయి. 2012లో 4కే కోసం రాసిన బీటీ.2020 ప్రమాణం ఆ హద్దును బాగా విశాలం చేసింది.

పత్తి కథ దీనికి ఎదురు. ఎండలో పరిచిన పత్తి మీద వెలుగు చాలా ఎక్కువ. పాత ప్రమాణం బొమ్మలో అతి తెల్లటి చోటును సుమారు 100 నిట్ల వెలుగు అనుకుని తయారైంది. గాజు గొట్టం ఇవ్వగలిగింది అంతే. అందుకే ఎండలోని పత్తి, అందులోని పోగులు, నీడలు అన్నీ ఒకే తెల్లటి చప్పటి మచ్చగా మారిపోతాయి. హెచ్‌డీఆర్ అన్నది దీనికోసం వచ్చింది. అందులో హెచ్ఎల్‌జీ అనే పద్ధతిని బీబీసీ, జపాన్ ఎన్‌హెచ్‌కే కలిసి ప్రసారాల కోసమే తయారుచేశాయి, 2016లో అంతర్జాతీయ ప్రమాణంలో చేరింది. నన్నడిగితే చుక్కలు నాలుగింతలు చేయడం కంటే ఈ వెలుగూ రంగూ పెరగడమే పెద్ద మార్పు. గది ఆ చివర నుంచి చూసినా కంటికి తెలిసేది ఇదే.

చుక్కలు ఎందుకు తెలియవో లెక్క చూద్దాం. మంచి చూపున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణం వరకు విడదీయగలదు. దాన్ని బట్టి మామూలు బొమ్మలో గీతలు తెలియకుండా ఉండాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరంలో కూర్చోవాలి. హెచ్‌డీకి మూడు రెట్ల పైచిలుకు, 4కేకు ఒకటిన్నర రెట్లు దాటితే చాలు. పాత 21 అంగుళాల టీవీకి ఆరున్నర అడుగుల దూరంలో మామూలు బొమ్మ నిండుగా ఉండేది. అందుకే అప్పట్లో ఎవరికీ లోటనిపించలేదు. ఇప్పుడు అదే గది, గోడకు 43 అంగుళాల టీవీ. దానికి మామూలు బొమ్మ బాగుండాలంటే పదిన్నర అడుగుల వెనక్కి జరగాలి, గదిలో అంత చోటుండదు. పాత ఛానల్ కొత్త టీవీలో మసకగా కనిపించడానికి సగం కారణం ఇదే. హెచ్‌డీకైతే ఆరడుగులు చాలు. ఎనిమిది అడుగుల దూరంలో కూర్చునే ఇంట్లో 55 అంగుళాల టీవీకి కూడా శుభ్రమైన హెచ్‌డీ సరిపోతుంది. అక్కడ 4కే చుక్కల తేడా పూర్తిగా కంటికి ఆనాలంటే మూడున్నర అడుగుల దగ్గరికి జరగాలి, ఇంట్లో పిల్లలు తప్ప అలా ఎవరూ కూర్చోరు.

నేల మీది టవర్ల కథ మన దగ్గర అర్ధాంతరంగా ఆగింది. డీవీబీ-టీ2 మంచి ప్రమాణం. సమాచారాన్ని వేల సన్నటి పాయలుగా చీల్చి, ఒక్కో ముక్కకు ముందు కాస్త ఖాళీ సమయం ఉంచుతుంది. కొండకు తగిలి ఆలస్యంగా వచ్చిన తరంగం ఆ ఖాళీలోనే చేరిపోతుంది కాబట్టి నీడ బొమ్మ ఉండదు. దూరదర్శన్ 2016 ఫిబ్రవరిలో దీన్ని 16 నగరాల్లో మొదలుపెట్టింది. ఆ జాబితాలో చెన్నై ఉంది, బెంగళూరు ఉంది, కటక్ ఉంది, రాయపూర్ ఉంది. హైదరాబాదు లేదు, విజయవాడ లేదు. 2022 మార్చి 31 నాటికి వ్యూహాత్మకమైన కొన్నింటిని మినహాయించి పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నీ ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. ఇతర దేశాల్లో అనలాగ్ పోతే దాని చోటులో డిజిటల్ టవర్ వచ్చింది. మన చాలా ఊళ్లలో అనలాగ్ పోయింది, యాంటెన్నాలు పాత ఇనుము కొట్టుకు పోయాయి, చోటు చోటుగానే ఉంది. ఆ తరంగాల మీదుగా సిమ్, డేటా లేకుండా ఫోన్లకే టీవీ పంపాలన్న ‘డైరెక్ట్ టు మొబైల్’ ప్రయత్నం ఐఐటీ కాన్పూర్, బెంగళూరు సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి కలిసి మొదలుపెట్టాయి. దానికి ఆధారం ఏటీఎస్‌సీ 3.0 అనే ప్రసార ప్రమాణం. దక్షిణ కొరియా 2017లో దాంతోనే నేల మీది టవర్ల నుంచి 4కే ప్రసారాలు మొదలుపెట్టింది. మన దగ్గర అది ప్రయోగాల దశ దాటి ఫోన్లలోకి వస్తుందో లేదో ఫోన్ కంపెనీల ఇష్టాయిష్టాల మీద ఉంది.

డీటీహెచ్ గురించి ఒక్క మాట. అది వాడే తరంగాలు సుమారు 12 గిగాహెర్ట్జ్‌వి, వాటి పొడవు రెండున్నర సెంటీమీటర్లే. తుపాను వానలో చినుకులు వాటిని మింగేస్తాయి. డిజిటల్ కాబట్టి చుక్కలతో ముందు హెచ్చరించడం ఉండదు, నిండుగా ఉన్న బొమ్మ ఒక్కసారిగా పోతుంది. వాతావరణ వార్త కావాల్సిన గంటలోనే డిష్ మొరాయించడానికి కారణం ఇదే, డిష్‌ను తిప్పినా లాభం లేదు.

ఇక ఫైబర్. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా వేసిన గాజు తీగలో నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోన్, ఇంటర్నెట్ అన్నారు. ధర తర్వాత పెరిగింది. టీవీ నాణ్యత వైపు నుంచి చూస్తే అందులోని అసలు విశేషం ధర కాదు. కేబుల్లో, డిష్‌లో మీరు చూసినా చూడకపోయినా ఛానళ్లన్నీ మీ ఇంటిదాకా వస్తాయి, బాక్సు అందులో ఒకదాన్ని ఏరుకుంటుంది. ఫైబర్ ఐపీటీవీలో మీరు నంబరు నొక్కిన ఛానల్ ఒక్కటే మీ గుమ్మం దాకా వస్తుంది. మూడొందల ఛానళ్లు ఒకదాన్నొకటి నొక్కుకోవాల్సిన పని లేదు. ఒక హెచ్‌డీ ఛానల్‌కు 8 మెగాబిట్లు ఇవ్వాలన్నా, 4కేకు 20 ఇవ్వాలన్నా తీగ ఒప్పుకుంటుంది.

అంటే జాగా కరువు తీరిపోయింది. అయినా ఆ తీగ మీద కూడా చాలా ఇళ్లలో నడిచేది మామూలు బొమ్మే. ఒకే సీరియల్, ఒకే కెమెరా, ఒకే స్టూడియో హెచ్‌డీలోనే తీసినది; దాన్ని ప్రసారానికి ముందు ఐదో వంతుకు తగ్గించి ఒక ధరకు, తగ్గించకుండా ఇంకో ధరకు అమ్ముతారు. అనలాగ్ రోజుల్లో అడ్డుపడింది భౌతికశాస్త్రం. ఇప్పుడు అడ్డుపడుతున్నది ధరల పట్టిక. సాంకేతికంగా మన దేశం ఏమీ వెనకబడలేదు. 2010 అక్టోబరులో కామన్‌వెల్త్ క్రీడలను దూరదర్శన్ హెచ్‌డీలో చూపించింది, 2015 ప్రపంచ కప్ క్రికెట్‌లో కొన్ని మ్యాచ్‌లు డీటీహెచ్‌లో 4కేలో వచ్చాయి. మామూలు ఛానల్‌కు ఇన్ని బిట్లకు తగ్గకూడదన్న నియమం పెట్టి, పెట్టె వెనక తూకం రాసినట్టు దాన్ని బయటికి చెప్పించగలిగితే చాలా గొడవ తీరుతుంది. బియ్యం బస్తా మీద బరువు రాయని వ్యాపారిని వదలని చట్టం, నెలనెలా అమ్మే బొమ్మ విషయంలో ఆ పాటి పట్టుబట్టడం న్యాయమే.

పాఠకుడు ఇప్పటికిప్పుడు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. టీవీ సెట్టింగుల్లో ‘వివిడ్’ తీసేసి ‘సినిమా’ లేదా ‘స్టాండర్డ్’ పెట్టండి, ‘షార్ప్‌నెస్’ బాగా తగ్గించండి. అది కొత్త వివరమేమీ పుట్టించదు, అక్షరాల చుట్టూ ఉన్న అలల్ని ఇంకా పెద్దవి చేస్తుంది. బాక్సు నుంచి మూడు రంగుల పిన్నుల తీగ వస్తుంటే తీసేసి హెచ్‌డీఎంఐ తీగ పెట్టండి. హెచ్‌డీ బాక్సు పెట్టుకుని ఆ పాత తీగతోనే చూస్తున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, ఆ తీగలో హెచ్‌డీ రాదు. మీ ఛానల్ మామూలు నంబరూ, హెచ్‌డీ నంబరూ మార్చి మార్చి పెట్టి, రోజూ కూర్చునే చోటు నుంచే స్క్రోలింగ్‌లో ఒత్తులు చదవండి. తేడా తెలియకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. కొత్త టీవీ కొనడానికి విజయవాడ వెళితే షాపువాడు తిప్పే డెమో వీడియో చూసి మురిసిపోకండి, అది పెన్‌డ్రైవ్‌లోంచి నడిచే 4కే బొమ్మ, మీ ఇంటికి వచ్చేది అది కాదు. దాన్ని ఆపించి, మీ ఇంట్లో రోజూ చూసే తెలుగు ఛానల్ పెట్టించి, ఎనిమిది అడుగుల వెనక్కి నిలబడి చూసి అప్పుడు కొనండి.